రైల్లో నాలుగేళ్లు, రైడ్ దగ్గర ఆరేళ్లు

పిల్లవాణ్ణి థీమ్ పార్కుకు తీసుకువెళ్ళాలని విశాఖపట్నంలో ఏ ఇంట్లోనైనా తీర్మానం జరిగిందంటే, దాన్ని ప్రవేశపెట్టింది ఆ పిల్లవాడు కాడని నిస్సంకోచంగా చెప్పవచ్చు. మొన్ననే అయిదేళ్లు నిండినవాడికి థీమ్ పార్కు అంటే ఏమిటో తెలియదు. తండ్రికి తెలుసు. న్యూజెర్సీలో ఉండే మేనమామ ఫ్లోరిడాలో డిస్నీ పార్కు కోట ముందు కుటుంబ సమేతంగా నిలబడిన ఫోటో వాట్సాప్‌లో పెట్టిన రాత్రి తల్లికీ తెలిసింది. మర్నాటి నుంచి ఇంటికి వచ్చిన ప్రతివారితోనూ ఒకటే మాట: "మాకేముందండీ, అంతా వాడి సరదా కోసమే." ఈ మాట విని కొందరు నవ్వుతారు. అలా నవ్వడం అన్యాయమనీ, పిల్లల పేరు మీద పెద్దలు విహరించే హక్కును సమాజం గౌరవంగా గుర్తించాలనీ ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం.

చరిత్ర కూడా పెద్దల పక్షానే ఉంది. మిక్కీ మౌస్ బొమ్మల వాల్ట్ డిస్నీ సెలవు రోజుల్లో తన ఇద్దరు కూతుళ్ళను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకువెళ్ళి, వాళ్ళను రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చునేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన ఆ బెంచీ మీదే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. రంగులరాట్నం మీద ఉన్న పిల్లలు సంతోషంగానే ఉన్నారు. విసుగెత్తింది బెంచీ మీది తండ్రికి. అంటే ఇన్ని వేల కోట్ల పరిశ్రమకు మూలపురుషుడు, ఏమీ తోచక కూర్చున్న ఒక నాన్న. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో ఆ ఆలోచన డిస్నీలాండ్ పార్కుగా తెరుచుకునే నాటికి ప్లంబర్ల సమ్మె వచ్చిపడి, మంచినీళ్ల కుళాయిలా మరుగుదొడ్లా, ఏదో ఒకటే పూర్తిచేయగలమన్న పరిస్థితి వచ్చింది. ఆయన మరుగుదొడ్లనే ఎంచుకున్నాడు. చిన్నపిల్లలతో బయటికి వెళ్ళిన అనుభవం ఉన్నవాడి నిర్ణయమంటే అలా ఉంటుంది.

గమ్యాన్ని ఎంచుకోవడంలో మన కుటుంబాలది ఒక నిర్దిష్టమైన పద్ధతి. చర్చ ఎప్పుడూ ఫ్లోరిడాలోనే మొదలవుతుంది. రెండో వారానికి హాంకాంగ్ చేరుతుంది. అక్కడి డిస్నీలాండ్ 2005లో వచ్చిందనీ, చిన్నదే అయినా చక్కగా ఉంటుందనీ ఎవరో చెబుతారు. మూడో వారం సింగపూర్. నాలుగో వారం ఇంటిల్లిపాది పాస్‌పోర్టుల ఖర్చు, వీసాల ఖర్చు ఒక కాగితం మీద కూడతారు. కూడిక పూర్తవగానే హైదరాబాద్ ప్రత్యక్షమవుతుంది. రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది, రావిర్యాల దగ్గర రైడ్లూ నీటి ఆటలూ ఉన్న వండర్‌లా పార్కు 2016 నుంచి ఉంది, మన భాష మాట్లాడతారు, మన అన్నం దొరుకుతుంది. విదేశీ మోజు మంచిది కాదని తండ్రి అదే రోజు ప్రకటిస్తాడు.

ఈ దశలో ఎవరైనా భూగోళం తెలిసినవారు కల్పించుకుని, భువనేశ్వర్‌లో కూడా 2024లో వండర్‌లా తెరిచారనీ, విశాఖ నుంచి హైదరాబాద్ కంటే భువనేశ్వరే దగ్గరనీ గుర్తుచేయవచ్చు. దూరం విషయంలో వారి మాట నిజమే. కానీ భువనేశ్వర్‌లో పిన్ని లేదు. హైదరాబాద్‌లో ఉంది, కూకట్‌పల్లిలో. హోటల్ ఖర్చు మిగులుతుందన్న ఒకే ఒక్క కారణంతో కూకట్‌పల్లిలో దిగి, నగరం ఆ చివర నుంచి ఈ చివరకు రోజూ క్యాబ్‌లో తిరిగి, హోటల్‌కు అయ్యేదాని కంటే ఎక్కువ చెల్లించి, పిన్ని పిల్లలకు బట్టలు పెట్టి రావడాన్ని మనవాళ్లు పొదుపు అంటారు. ఇందులో తప్పేమీ లేదు. పిన్ని మనసు కష్టపెట్టుకోకుండా ఉండటానికి ఏ ఆర్థికశాస్త్రమూ వెల కట్టలేదు.

తాతగారి అభ్యంతరం మరో రకం. "సముద్రం ఒడ్డున పుట్టి, అలల కోసం ఆరువందల కిలోమీటర్ల అవతలికి పోతారా?" అని ఆయన పేపరు మడిచి అడుగుతారు. ప్రశ్న పదునైనదే. దీనికి జవాబు ఆర్కే బీచ్‌లోనే ఉంది. ఆ బీచ్‌లో పిల్లలు మోకాలి లోతు దాటకూడదని విశాఖలో పుట్టిన ప్రతి బిడ్డకూ నడక రాకముందే నేర్పుతాం, ఆ ఒడ్డున లోపలికి లాగే ప్రవాహాల సంగతి తెలిసినవాళ్ళం కనుక. పార్కులోని వేవ్ పూల్‌లో, అంటే యంత్రంతో అలలు లేపే కొలనులో, అలా కాదు. గంట మోగితే అల లేస్తుంది, ఇంకో గంట మోగితే పడుకుంటుంది. బంగాళాఖాతాన్ని ఇన్నేళ్లుగా బతిమాలినా ఇటువంటి క్రమశిక్షణ అలవడలేదు. పైగా బంగాళాఖాతానికి టికెట్టు లేదు. ఉచితంగా దొరికేదాన్ని పిల్లవాడి కోసం చేసిన త్యాగంగా బంధువుల దగ్గర లెక్క చూపించడం కష్టం.

తాతగారు అంతటితో ఊరుకోరు. జూ పార్కు ఉంది, కైలాసగిరి మీద బొమ్మ రైలు ఉంది, బీచ్ రోడ్డులో కురుసుర ఉంది అంటారు. కురుసుర విషయంలో మాత్రం ఆయన పక్షాన కొంత న్యాయం ఉందని ఒప్పుకోక తప్పదు. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 దాకా సముద్రం అడుగున తిరిగిన జలాంతర్గామిని ఒడ్డుకు లాగి, 2002లో ప్రదర్శనశాల చేసి మన ముందు పెట్టారు. దాని లోపల ఒక గది నుంచి మరో గదికి వెళ్ళే గుండ్రటి తలుపులు ఉంటాయి. అక్కడ పెద్దలు నడుము వంచి, తల తప్పించి, కాలు ఎత్తి, దేవుణ్ణి తలుచుకుని దూరాలి. అయిదేళ్లవాడు వంగనవసరం లేకుండా దర్జాగా దాటిపోతాడు. బహుశా విశాఖలో పిల్లవాడి ఎత్తు పెద్దల ఎత్తు కంటే అనుకూలంగా పనిచేసే వినోద స్థలం అదొక్కటే. అయితే అక్కడికి సిటీ బస్సులో వెళ్ళవచ్చు. సిటీ బస్సులో వెళ్ళేదాన్ని విహారయాత్ర అనడానికి మన బంధువర్గంలో ఏ ఒక్కరూ అంగీకరించరు.

ఇక అసలు విషయానికి వద్దాం. బాబు వయసు.

ఒక మనిషికి ఒక సమయంలో ఒకే వయసు ఉంటుందని లోకం అమాయకంగా నమ్ముతుంది. విహారయాత్రకు బయలుదేరిన బాలుడికి ఈ నియమం వర్తించదు. రైల్వే వారి లెక్కలో అయిదేళ్లు నిండనివారికి విడిగా బెర్తు అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. అయిదు దాటి పన్నెండు లోపువారికి బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే 2016 నుంచి పూర్తి చార్జీ. కాబట్టి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వాడికి నాలుగేళ్లు. ఈ సంగతి వాడికి అనకాపల్లి రాకముందే నూరిపోయాలి. ఎందుకంటే టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి చూడటానికి సౌమ్యంగా ఉండి, "బాబూ, నీకెన్నేళ్లు?" అని ముద్దుగా అడుగుతాడు. తర్ఫీదు లేని పిల్లవాడు అయిదు వేళ్ళూ చాచి, "అయిదు! కేకు కూడా కోశాను!" అంటాడు. ఆ క్షణంలో బోగీలోని మొత్తం ప్రయాణికులు కిటికీలోంచి చెట్లను చూడటం మొదలుపెడతారు. వాళ్ళ పక్కనా నాలుగేళ్లవాళ్ళు ఉంటారు మరి.

పార్కు గేటు దగ్గరకు వచ్చేసరికి వాడి వయసు ఇంకా తగ్గుతుంది. బయటి తినుబండారాలు లోపలికి రానివ్వకపోవడం, పసిపిల్లల ఆహారానికి మాత్రం మినహాయింపు ఇవ్వడం చాలా పార్కుల్లో ఉన్న పద్ధతే. ఈ మినహాయింపు నీడలో వాడు ఏడాదిన్నర బిడ్డ అయిపోతాడు. పాలపొడి డబ్బాలో పులిహోర ఉంటుంది. పాలసీసాల సంచిలో జంతికలు, చేగోడీలు, మాగాయ పచ్చడి. ఏడాదిన్నర పసివాడు మాగాయ తింటాడా అని కాపలాదారు అడిగితే, ఆంధ్రదేశంలో పుట్టినవాడు తినకేం చేస్తాడని బామ్మ ఎదురు ప్రశ్న వేస్తుంది. దానికి సమాధానం ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు.

టికెట్టును వయసును బట్టి కాక ఎత్తును బట్టి నిర్ణయించే పార్కులు కూడా ఉన్నాయి. అక్కడ వాడు కౌంటరు దగ్గర మోకాళ్లు కొంచెం వంచి నిలబడాలి. అదే పిల్లవాడు కాసేపటి తరువాత రైడ్ దగ్గర మునివేళ్ల మీద లేవాలి. ఎక్కడ కుంగాలో, ఎక్కడ సాగాలో అర్థంకాక కొందరు పిల్లలు టికెట్టు కౌంటరు దగ్గరే ఎగిరి గంతులేసి తల్లిదండ్రులకు పూర్తి చార్జీ పడేలా చేసిన సందర్భాలు ఊహించుకోవచ్చు. తప్పు పిల్లలది కాదు, సాధన చాలకపోవడమే.

రైడ్ దగ్గర ఆరేళ్లు కావాలి, కుదిరితే ఏడు. కానీ అక్కడ మాటలు చెల్లవు, ఎత్తు కొలిచే కర్ర చెల్లుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో అయిదేళ్ల మగపిల్లవాడి మధ్యస్థ ఎత్తు 110 సెంటీమీటర్లు. ఫ్లోరిడా డిస్నీ పార్కులోని స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ ఎక్కడానికి కావలసింది 44 అంగుళాలు, అంటే 112 సెంటీమీటర్లు. మేనమామ మాట విని ఫ్లోరిడాకే వెళ్ళి ఉంటే, భూగోళం అవతలి వైపు రెండు సెంటీమీటర్ల దగ్గర ఈ కుటుంబం ఆగిపోయేది. ఆ వయసులో పిల్లలు ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు పెరుగుతారు కనుక ఆ రెండూ రావడానికి నాలుగు నెలలు పట్టవచ్చు. అంతవరకు అక్కడే ఉండటానికి వీసా ఒప్పుకున్నా మేనమామ భార్య ఒప్పుకోకపోవచ్చు. హైదరాబాద్‌లోనైనా పెద్ద రైడ్లలో కొన్నింటికి 140 సెంటీమీటర్లు ఉండాలి. బామ్మ రాగిజావ పెంచింది. తండ్రి గుమ్మానికి కడ్డీ బిగించి రోజూ వాణ్ణి వేలాడదీస్తున్నాడు. తల్లి జుట్టు కోయించకుండా నడినెత్తిన పిలక వేసింది. కానీ కొలిచే ఉద్యోగి అరచేత్తో పిలకను అణిచి కొలుస్తాడు. 140 అంటే పదేళ్లు దాటాలి. అప్పటికి వాడు స్నేహితులతో వెళ్తానంటాడు, మిమ్మల్ని గేటు బయటే ఉండమంటాడు.

క్యూల గురించి పార్కుల యాజమాన్యాలు అనవసరంగా కంగారుపడుతుంటాయి. డిస్నీ పార్కుల్లో వరుసలో నిలబడే బాధ తగ్గించడానికి 1999లో ఫాస్ట్‌పాస్ అని ఒకటి ఉచితంగా పెట్టారు. 2021లో దాన్ని తీసేసి డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. అమెరికన్లు గోలపెట్టారు. మనవాళ్లు గోలపెట్టరు. తిరుమలలో మూడువందల రూపాయల దర్శనం తెలిసిన జాతికి ఇందులో కొత్తేముంది? చందనోత్సవం నాడు ఏడాదికి ఒక్కసారి దొరికే సింహాద్రి అప్పన్న నిజరూపం కోసం కొండ మీద గంటల తరబడి నిలబడిన తల్లి భుజం మీద నిద్రపోయినవాడు మన పిల్లవాడు. క్యూలో నిద్రపోవడం, క్యూలో తినడం, క్యూలో ముందువారితో చుట్టరికం కలపడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్యలు. ఒక్క తేడా ఏమిటంటే, అక్కడ క్యూ చివర లడ్డూ ఉంటుంది. ఇక్కడ ఎత్తు చాలదన్న మాట ఉంటుంది.

ముహూర్తం గురించి క్లుప్తంగా. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబరుకు ముందు అది 120 రోజులు. మన కుటుంబాలు ఒక తేదీ మీద ఏకాభిప్రాయానికి రావడానికి 61 రోజులు పడుతుంది. వేసవిలో ఎండ, దసరాకు జనం, వానాకాలంలో జలుబు. సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి విశాఖ వచ్చే రైళ్ళు కిటకిటలాడతాయి, ఇటు నుంచి అటు వెళ్ళేవాటిలో మాత్రం కాస్త చోటు దొరుకుతుంది. కానీ పండక్కి ఇంట్లో అల్లుణ్ణి పెట్టుకుని ఊరు విడిచి పోయే అత్తగారు ఇంకా పుట్టలేదు. చివరికి తత్కాలే గతి. ప్రయాణానికి ముందు రోజు ఉదయం పది గంటలకు, ఇంటిల్లిపాదీ తలా ఒక ఫోను పట్టుకుని కూర్చుంటారు.

ఇప్పుడు అర్హుల జాబితా చూద్దాం. ప్రతి పెద్ద రైడ్ ముందూ ఒక బోర్డు ఉంటుంది: గుండె జబ్బు, రక్తపోటు, మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవారు, గర్భిణులు ఎక్కరాదు. బాబు ఎత్తు దగ్గర పోయాడు. తాతగారు మొదటి మాట దగ్గరే పోయారు. బామ్మ రెండో మాట దగ్గర. తండ్రి రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మనిషి కనుక మూడో మాటా నాలుగో మాటా ఆయనవే. తల్లి సంగతి ఇంకా బయటివాళ్ళకు చెప్పలేదు. ఇక మిగిలింది పెళ్లికాని బాబాయి. గాజువాకలో ఉద్యోగం, నిలువెత్తు మనిషి, నడుము నిక్షేపంగా ఉంది. ఆరుగురి చార్జీలు, పిన్ని ఇంటి బట్టలు, క్యాబ్ ఖర్చులు, గుమ్మానికి బిగించిన కడ్డీ అన్నీ కలిపి ఆయన ఒక్కడు తలకిందులుగా తిరగడానికి అయ్యే వ్యయం. మిగిలినవాళ్ళు కింద రెయిలింగు పట్టుకుని, చెప్పులూ సంచులూ మందుల పెట్టే మోస్తూ దాన్ని ఫోనులో తీస్తారు.

ఒక్కటే చిక్కు. అరకు ఘాట్ రోడ్డులో మూడో మలుపుకే నిమ్మకాయ వాసన చూసే మనిషి బాబాయి. తాను ససేమిరా ఎక్కనంటున్నాడు. అందుకని కుటుంబం ఈ యాత్రలో తొలిసారిగా పిల్లవాడికి ఒక బాధ్యత అప్పగించింది. రైడ్ ముందు నిలబడి, "బాబాయ్, నాకోసం నువ్వు ఎక్కవా?" అని ఏడవాలి. రోజూ సాయంత్రం సాధన చేయిస్తున్నారు. మాట బాగానే అంటున్నాడు, కన్నీళ్లే ఇంకా సమయానికి రావడం లేదు.