ఆ ఎంజైమ్‌ను ఆపేస్తే క్యాన్సర్ పోతుందా, పిన్నీ?

మొన్న ఆదివారం పొద్దున్నే మా పిన్ని ఒక ఫార్వర్డ్ పంపింది. కింద ఒక్క ముక్క: "బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతావుగా, ఇది నిజమేనా చూడు." ఆ మెసేజ్ మా కాలేజీ గ్రూపులోనూ, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ అప్పటికే తిరిగింది. సారాంశం ఇదీ: ఒంట్లో యాసిడ్ సెరమిడేజ్ అనే ‘క్యాన్సర్ ఎంజైమ్’ ఉంది, దాన్ని ఆపేస్తే కణితి కరిగిపోతుంది. అందుకు రోజూ పరగడుపున సెరమైడ్ క్యాప్సూల్ మింగాలి. జపానులో 1981 నుంచే మందు ఉన్నా కంపెనీలు దాచేశాయి. ఈ ఎంజైమ్ లోపం మేనరికం చేసుకున్నవాళ్ల పిల్లలకే వస్తుంది.

మొదటి మాటలో సగం నిజముంది, చిక్కంతా అదే. సెరమైడ్ కణపొరల్లో ఉండే ఒక కొవ్వు. అది కణంలో మితిమీరి పేరుకుంటే కణం తనంతట తానే చచ్చే దారి పడుతుంది. యాసిడ్ సెరమిడేజ్ ఉండేది లైసోజోమ్‌లో, అంటే కణం తన చెత్తను అరగదీసుకునే సంచిలో. అక్కడ సెరమైడ్‌ను స్ఫింగోసిన్‌గా, ఫ్యాటీ యాసిడ్‌గా విరగ్గొడుతుంది. ఆ స్ఫింగోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలిందా, కథ తిరగబడుతుంది: చావమన్న చోటే బతకమని, పెరగమని కణానికి కబురు వెళ్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్, మెలనోమా అనే చర్మ క్యాన్సర్, ఒక రకం రక్త క్యాన్సర్ కణాలు చాలాసార్లు ఈ ఎంజైమ్‌ను మోతాదు మించి తయారుచేసుకుంటాయి. అందుకే పరిశోధకుల కన్ను దీనిమీద పడింది. అయితే ఈస్ట్రోజన్ రిసెప్టర్ (ఆ హార్మోన్ కబురును అందుకునే ప్రోటీన్) ఉన్న రొమ్ము క్యాన్సర్లలో ఈ ఎంజైమ్ ఎక్కువున్నవాళ్ల పరిస్థితే మెరుగ్గా ఉన్నట్టు తేల్చిన అధ్యయనమూ ఉంది. మెసేజ్ రాసినాయన అక్కడిదాకా చదవలేదు.

ఇక ఒళ్లంతటా దాన్ని ఆపేస్తే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. ఫార్బర్ వ్యాధి ఉన్న పిల్లల్ని చూస్తే చాలు. ఎనిమిదో క్రోమోజోమ్ మీదున్న ఏఎస్‌ఏహెచ్1 జన్యువు రెండు ప్రతులూ చెడితే ఈ ఎంజైమ్ సరిగా పనిచేయదు. పుట్టిన కొన్ని నెలలకే మణికట్లు, చీలమండలు, వేళ్ల కణుపులు వాస్తాయి. ఎత్తుకోబోతే బిడ్డ నొప్పితో మెలికలు తిరుగుతుంది. కీళ్ల దగ్గర చర్మం కింద గట్టి గడ్డలు చేతికి తగులుతాయి. గొంతులోనూ అలాంటివే పేరుకోవడంతో ఏడుపు బొంగురుపోతుంది. తీవ్రంగా వచ్చిన పిల్లలు రెండు మూడేళ్లు దాటడం కష్టం. కొంచెం నెమ్మదిగా ముదిరే రకమైతే పిల్లల కీళ్లవాతం అనుకుని ఏళ్ల తరబడి దానికే మందులు వాడిన సందర్భాలున్నాయి. ఇదే జన్యువు మరోలా చెడితే కీళ్ల జోలికే పోకుండా కండరాలు నీరసించి, మూర్ఛలు వస్తాయి. ఆ సంగతి బయటపడింది 2012లో. చిట్టెలుకల్లో ఈ జన్యువును పూర్తిగా తీసేస్తే పిండం రెండు కణాల దశ కూడా దాటలేదు.

ఇంకో విచిత్రం. 1952లో ఈ వ్యాధిని వర్ణించిన బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, అంతకు నాలుగేళ్ల ముందే పిల్లల రక్త క్యాన్సర్‌కు మందుతో తాత్కాలికంగానైనా ఉపశమనం తెప్పించి కీమోథెరపీకి దారి వేసిన మనిషి.

క్యాప్సూళ్ల సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. మింగిన సెరమైడ్‌ను చాలావరకు పేగుల్లోని ఎంజైములే ముక్కలు చేసేస్తాయి. అది సెరమైడ్‌గానే వెళ్లి కణితిని చుట్టుముడుతుందనుకోవడం, పప్పు తింటే అది పప్పుగానే రక్తంలో తిరుగుతుందనుకోవడం లాంటిది.

జపాను మందు పేరు కార్మోఫర్. దాచిందేమీ లేదు, పెద్దపేగు క్యాన్సర్‌కు అక్కడ బాహాటంగానే వాడారు. క్యాన్సర్ వార్డుల్లో అందరూ 5-ఎఫ్‌యూ అని పిలిచే మందుకు అది చుట్టమే. అది యాసిడ్ సెరమిడేజ్‌ను కూడా గట్టిగా అడ్డుకుంటుందని తెలిసింది 2013లో. అంటే 1981లో దాచడానికి ఆ రహస్యం ఎవరి దగ్గరా లేదు! పైగా అది వాడినవాళ్లలో కొందరికి మెదడులోని తెల్ల పదార్థం దెబ్బతింది.

మేనరికం మాట మన ఇళ్లలో గుచ్చుకునేదే, కాబట్టి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. తల్లికీ తండ్రికీ చెరో చెడ్డ ప్రతి ఉంటే, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికంలో ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో అదే చెడ్డ ప్రతి ఇద్దరికీ దిగే అవకాశం ఎక్కువ, అది నిజం. ఏ చుట్టరికమూ లేని జంటకూ ఇది జరగవచ్చు. తప్పంతా ‘పిల్లలకే’ అన్నదాంట్లోని ఆ ఏత్వానిది.

ఈ పిల్లలకు కావాల్సింది మెసేజ్ చెప్పినదానికి సరిగ్గా తలకిందులు: ఎంజైమ్‌ను అందించడం. మెదడు జోలికి పోని రకంలో ఎముక మజ్జ మార్పిడితో గడ్డలు తగ్గి, కీళ్లు కదిలాయి. మెదడు దెబ్బతిన్నవాళ్లకు మాత్రం అది ఆ నష్టాన్ని ఆపలేదు. బయట తయారుచేసిన ఎంజైమ్‌ను ఎక్కిస్తే ఎలుకల్లో ఫలితం కనిపించింది.

ఇదంతా చెప్పాక పిన్ని అడిగింది: "అయితే నా కాళ్లకు రాసుకునే సెరమైడ్ క్రీము పారేయాలా?" అక్కర్లేదన్నాను. చర్మం పై పొరలో కొవ్వుల్లో దాదాపు సగం సెరమైడ్లే, పైన రాసింది ఆ పొరకే కదా పనికొచ్చేది. క్యాప్సూళ్ల డబ్బా మాత్రం బాబాయి శనివారం రాత్రే ఆర్డర్ పెట్టేశాడట.