దూరం ఒక్కటే భద్రత కాదు
తీరానికి దూరంగా సముద్రంపై తేలుతూ సహజవాయువును బాగా చల్లబరచి ద్రవంగా మార్చే కేంద్రం జనావాసాలకు ముప్పు కలిగించదు కాబట్టి నేలమీది కేంద్రం కన్నా సురక్షితమని, అలాంటి కేంద్రాలపై రాసిన వ్యాసంలో వ్యాసకర్త అన్న మాట ఒడ్డున ఉన్నవారి విషయంలోనే నిజం. అందులో పనిచేసేవారికి ఆ దూరమే సమస్య. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్రూమ్‌కు సుమారు 475 కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉన్న అలాంటి తేలే కేంద్రం, ప్రిల్యూడ్ నౌక, పొడవు 488 మీటర్లు, వెడల్పు 74 మీటర్లు. నేలమీద ఎకరాల కొద్దీ ఎడం పాటించి కట్టే యంత్రాలు, నిల్వ ట్యాంకులు, సిబ్బంది నివాసాలు అన్నీ అంత చోటులోనే ఇమడాలి. పైగా మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉండే ఆ ద్రవీకృత వాయువు ఒలికితే, నిప్పు అంటుకోకపోయినా, మామూలు ఉక్కు పెళుసెక్కి పగలవచ్చు. అయిదో స్థాయి, అంటే అత్యంత తీవ్రమైన, తుపానును సైతం తట్టుకునేలా నిర్మించిన ఆ నౌకలో 2021 డిసెంబరులో ఒక చిన్న అగ్నిప్రమాదం తరువాత ప్రధాన విద్యుత్తు పోయింది. విద్యుత్తును సురక్షితంగా పునరుద్ధరించగలమని నిరూపించేవరకు ఉత్పత్తి మొదలుపెట్టరాదని అక్కడి నియంత్రణ సంస్థ ఆదేశించింది. మళ్లీ ఎగుమతులు మొదలయ్యేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది. తుపాను గురించి అంత వివరంగా రాసిన వ్యాసం, చల్లదనాన్నీ గాలి ప్రసరణనూ మంటలార్పే పంపులనూ నడిపే విద్యుత్తు గురించి ఒక్క వాక్యమైనా రాయకపోవడం పెద్ద లోటు.