కొండకి ఇంకో టవర్ ఎందుకు, పలక పెట్టండి

తిరుమల ఘాట్‌రోడ్డు మలుపులో ఫోన్ కట్ అయితే చాలు, మనోళ్ళు అడిగేది ఒకటే, ఇంకో టవర్ వెయ్యండి అని. నేనైతే ఆ డిమాండే తప్పంటాను. అక్కడ కొండ అడ్డమొస్తోంది, పవర్ ఎంత పెంచినా శేషాచలం రాయిని దాటి ఫోన్ దాకా రాదు. పైగా టవరంటే అడవిలోకి కరెంటు లైను, బ్యాటరీలు, జనరేటరు. మొబైల్ నెట్‌వర్క్‌లో కరెంటు ఎక్కువ తినేదే బేస్ స్టేషన్లు, అంటే టవర్ దగ్గరుండే పరికరాలు, అందులోనూ సిగ్నల్ బలం పెంచే పవర్ యాంప్లిఫయర్లు.

రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేస్ గురించి ఈపాటికి వినే ఉంటారు, ఆర్‌ఐఎస్ అంటారు. వందల చిన్న ఎలిమెంట్లున్న పలక, ఒక్కోటీ తనమీద పడ్డ తరంగం ఫేజ్, అంటే దాని ఎత్తుపల్లాలు వచ్చే సమయం, కాస్త మార్చి వెనక్కి కొడుతుంది, అన్నీ కలిసి మనకి కావాల్సిన చోటే బలంగా పడతాయి. యాంప్లిఫయరే లేదు, డయోడ్లకీ కంట్రోలర్‌కీ కాస్త కరెంటు ఉంటే చాలు. నన్ను కట్టిపడేసిన లెక్క ఏందంటే, ఫేజులు సరిగ్గా కుదిరితే ఎలిమెంట్లు రెట్టింపు చేసినప్పుడు ఆ దారిలో అందే పవర్ 4 రెట్లవుతుంది! ఎందుకంటే పలక పట్టుకునేదీ రెట్టింపే, ఒకచోటికి గురిపెట్టేదీ రెట్టింపే. అంటే టవర్ తన పవర్ తగ్గించుకోవచ్చు. 2019లో చోంగ్‌వెన్ హువాంగ్ బృందం సిమ్యులేషన్లలో, సిగ్నల్ అందుకుని బలం పెంచి మళ్ళీ పంపే మామూలు రిలేతో పోలిస్తే ఎనర్జీ ఎఫిషియన్సీ 300 శాతం దాకా ఎక్కువొచ్చింది.

రిపీటర్, అంటే అలాంటి రిలేనే, పెడితే పోలా అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో కొంత నిజముంది, టవర్ నుంచి పలకకి, పలక నుంచి ఫోన్‌కి జరిగే నష్టాలు ఒకదాన్నొకటి గుణించుకుంటాయి, చిన్న పలకైతే రిలే ముందు ఓడిపోతుంది, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ కూడా రిలీజ్ 18లో రిపీటర్లకే ఓటేసింది. కానీ పలకని నడిమధ్యలో కాకుండా టవర్ కనపడేలా మలుపు దగ్గరే, పెద్దదిగా పెడితే కథ మారుతుంది. అసలు పని ఆప్టిమైజేషన్‌లో ఉంది, టవర్ సిగ్నల్‌ని గురిపెట్టే బీమూ పలక ఫేజులూ ఒకదానిమీద ఒకటి ఆధారపడతాయి కాబట్టి ఒకటి కదలకుండా పెట్టి రెండోది సరిచేస్తా, మళ్ళీ మొదటిది సరిచేస్తా పోవాల, చూడాల్సింది ఉత్త స్పీడు కాదు, ఒక్కో జూల్‌కి ఎన్ని బిట్లు పోయినాయని.

ఇంత పని మన దగ్గర ఎవరు చేస్తారంటారా? తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణం చూసే రాడార్ చూడండి, 53 మెగాహెర్ట్జ్, 1024 యాంటెనాలు, ఒక్కటి కూడా కదలకుండా ఫేజులు మార్చడంతోనే బీమ్‌ని ఆకాశంలో తిప్పుతున్నారు! ఆ విద్య ఇక్కడే ఉంది. ఏర్పేడులో ఐఐటీ ఉంది. అయినా 6జీ, అంటే ఇలాంటి పలకల గురించి ఆలోచిస్తున్న తర్వాతి తరం నెట్‌వర్క్, అనగానే అందరూ బెంగళూరు, హైదరాబాద్ వైపే తిరుగుతారు, రాయలసీమకి వచ్చేది మాత్రం ఎవరో చేసి పంపిన పెట్టెలు. టెలికాం కంపెనీలు, ఐఐటీ, టీటీడీ, అటవీశాఖ కూర్చుని ముందు ఒక్క మలుపులో ఒక్క పలక పెట్టండి, పెట్టకముందు, పెట్టినాక టవర్ ఎంత కరెంటు తిన్నదో కొలిచి ఆ లెక్క జనం ముందు పెట్టండి.