ప్రార్థనలో పెట్టాం, కబురు చేస్తాం

పెళ్లిచూపులకు వచ్చి, పెసరట్టు ఉప్మా తిని, కాఫీ రెండోసారి అడిగి తాగి, అమ్మాయి చేత ఒక కీర్తన పాడించుకుని, కారు దాకా సాగనంపించుకున్న పెద్దమనుషులు చివరికి చెప్పిన మాట ఇది: "ప్రార్థనలో పెట్టాం. ప్రభువు చిత్తం తెలియగానే కబురు చేస్తాం." అది ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు ఇంకా మొదలవక ముందు సంగతి. మట్టల ఆదివారం అయింది, ఈస్టర్ అయింది, వీబీఎస్ అనే వేసవి బైబిలు బడి పిల్లలకు స్టీలు గ్లాసులు పంచడం కూడా అయింది. ప్రభువు ఇంకా నోరు విప్పలేదట. ఆయనే అంతగా ఆలోచిస్తున్నాడంటే మా బంధువులమ్మాయిలో ఏదో లోపం ఉండే ఉంటుందని మేనత్త ఒకావిడ తేల్చేసింది కూడా.

సంఘంలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు. చేబదులు అడిగితే ప్రార్థించి చెప్తాం. మందిరం స్లాబుకు చందా అడిగితే ఇంకాస్త గట్టిగా ప్రార్థించి, ఆ తర్వాత ఫోనెత్తడం మానేస్తాం. ఇవ్వనన్నది మనం కాదు, పైవాడు. మొహమాటాలన్నీ ఆయన ఖాతాలో వేసి మనం హాయిగా పడుకుంటాం. రాహుకాలం చూసుకుని గడప దాటే పక్కింటాయన రక్షణ కోసం కన్నీళ్లతో ప్రార్థించేదీ మనమే. పాపం, ఆయన రాహుకాలం గంటన్నరలో అయిపోతుంది. మన ప్రార్థనాకాలానికి అంతు లేదు.

ఇక దైవచిత్తం తెలుసుకునే పద్ధతులంటారా, శ్రద్ధగా గ్రంథస్థం చేయదగ్గవి. వాషింగ్ మెషీన్ కొనాలా వద్దా అని ఒక అక్క కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టింది. వేలు నిర్గమకాండం 26వ అధ్యాయం మీద పడింది. ప్రత్యక్ష గుడారపు తెరలు, ఒక్కొక్కటి 28 మూరల పొడవు, 4 మూరల వెడల్పు. అక్క వెళ్లి కర్టెన్లు కొనుక్కొచ్చింది. బట్టలు ఇప్పటికీ చేత్తోనే ఉతుకుతోంది, అదీ ప్రభువు మహిమ కోసమే. ఇంకో బ్రదర్‌ది బైబిల్లో దేవుణ్ని గుర్తు అడిగిన గిద్యోను పద్ధతి. రేపు పాల ప్యాకెట్ ఆరింటిలోపు వస్తే ఫ్లాటు కొనాలి, లేకపోతే వద్దు. గిద్యోను గొర్రెబొచ్చు పరచి గుర్తు అడిగింది దేవుడు సూటిగా చెప్పాక కూడా నమ్మకం కుదరకే గానీ తెలివి ఎక్కువై కాదని ఆ బ్రదర్‌కు ఎవరు చెప్పాలి? పాలవాడికైతే అసలేమీ తెలియదు. నలభై లక్షల బేరం తన సైకిల్ మీద వేలాడుతోందని తెలిస్తే ఆ కుర్రాడు భయపడి పని మానేసేవాడు.

మీలో ఎవరికైనా జ్ఞానం కొదువగా ఉంటే దేవుణ్ని అడగమని యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలోనే ఉంది. అడగమన్నది జ్ఞానాన్ని. అంటే తర్వాత మన బుర్ర వాడాల్సి వస్తుంది, చిక్కంతా అక్కడే. పారసీక రాజుకు ద్రాక్షారసం అందించే నెహెమ్యా కిస్లేవు నెలలో యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు విని ఉపవాసముండి ప్రార్థించాడు. నాలుగు నెలలకు, నీసానులో, రాజు ముందు ద్రాక్షారసపు గిన్నె పట్టుకుని నిలబడి ఉండగా ఏం కావాలని రాజే అడిగాడు. అక్కడికక్కడే మనసులో దేవుణ్ని తలచుకుని వెంటనే నోరు తెరిచాడు. ఎన్నాళ్లు సెలవు కావాలో చెప్పాడు, నది అవతలి అధికారులకు ఉత్తరాలు అడిగాడు, అడవి కాపరి ఆసాపు దగ్గర్నుంచి దూలాలకు మాను ఇప్పించమన్నాడు. మనమైతే "ప్రార్థించి చెప్తాను మహారాజా" అని గిన్నెతో సహా ఇంటికెళ్లిపోయేవాళ్లం.

సరే, మగపెళ్లివారి ప్రార్థన ఎంతదాకా వచ్చిందో చూద్దాం. మోకాళ్ల మీద ఉన్నంతసేపూ వాళ్లు ఖాళీగా ఏమీ లేరు. అమ్మాయి జీతం ఎంతో కనుక్కున్నారు, తమ్ముడి చదువుకు చేసిన అప్పు ఎంతో కనుక్కున్నారు. తర్వాత అబ్బాయి తల్లి ఫోన్ చేసింది.

"వందనాలు వదినగారూ. మాకైతే ఏ ఆశా లేదు, ప్రభువు అన్నీ ఇచ్చాడు. కాకపోతే ప్రార్థనలో కూర్చున్నప్పుడల్లా మావారికి బైపాస్ పక్కన ఏదో స్థలం కనబడుతోందంట."

"ఎన్ని సెంట్లు కనబడిందండీ?" అంది అమ్మాయి తల్లి.

"పది."

"మాకున్నది అయిదే కదండీ."

అవతల కాసేపు చప్పుడు లేదు. "అయితే ఇంకో వారం ఉపవాసం ఉంటాం వదినగారూ."

ఉన్నారు. ఆ వారంలో దర్శనం ఇంకా స్పష్టమైంది. స్థలం అయిదు సెంట్లకు తగ్గింది, పక్కన తెల్ల కారు ఒకటి వెలిసింది. ఆటోమేటిక్ గేర్లంట. అబ్బాయికి హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఎడమకాలు నొప్పి పుడుతుందన్న సంగతి సర్వజ్ఞుడికి తెలియకుండా ఉంటుందా? యెహెజ్కేలు ప్రవక్తకు దర్శనంలో చక్రాలు కనబడ్డాయి గానీ షోరూమ్ ధర కనబడలేదు. మన కాలపు దర్శనాల్లో ఆన్‌రోడ్ ధర కూడా కనబడుతుంది.

ఇలాంటివాళ్లు ప్రతి పెళ్లిలోనూ వాడుకునే అధ్యాయం ఆదికాండం 24. యజమాని కొడుక్కి పిల్లను వెతకడానికి వెళ్లిన అబ్రాహాము సేవకుడు బావి దగ్గర ప్రార్థన చేశాడు, రిబ్కా వచ్చింది, ఇది యెహోవా వలన కలిగిన కార్యం! శుభలేఖ మీద అచ్చు కూడా వేయిస్తారు. అధ్యాయం మొత్తం చదివితే ఏం పోతుంది? ఆ సేవకుడు అడిగిన గుర్తు ఏమిటి? తన దాహానికే కాక ఒంటెలకు కూడా నీళ్లు తోడతానని తనంతట తాను అనే పిల్ల. ఒంటెలు పది. అతను చూసింది ఆ పిల్ల గుణం, వాళ్ల నాన్న పట్టా కాదు. బంగారం సంగతికొస్తే, అరతులం ముక్కుకమ్మి, పది తులాల కడియాలు తీసింది మగపెళ్లివారి సంచిలోంచి. ఆడపిల్లకు పెట్టారు, ఆడపిల్ల దగ్గర గుంజలేదు. ఆ బంగారం చూశాకే, యెహోవా వలన ఆశీర్వదింపబడినవాడా లోపలికి రా అని పిలిచినవాడొకడు ఆ అధ్యాయంలో ఉన్నాడు. వాడి పేరు లాబాను, రిబ్కా తోబుట్టువు. తర్వాత రిబ్కా కొడుకు యాకోబును ఏమార్చి పద్నాలుగేళ్లు చాకిరీ చేయించుకున్న మామ. మనవాళ్లు నేర్చుకోవడానికి వాడొక్కడే దొరికాడు. ఆఖర్న ఆ పిల్లను పిలిచి, ఈ మనిషితో వెళ్తావా అని అడిగారు కూడా. మా అమ్మాయిని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

డిసెంబర్ 31 రాత్రి మందిరంలో, కొత్త ఏడాదికి తలో బైబిల్ వచనం తీసుకునే వాగ్దాన కార్డుల పళ్లెం తిప్పుతారు. అందులో "నీ పొరుగువానిదేదైనను ఆశింపకూడదు" అన్న కార్డు వచ్చినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. పదో ఆజ్ఞ అది. కట్నం ఈ దేశంలో 1961 నుంచి నేరం. దొంగసొమ్ముకు ముందు మోకరించినంత మాత్రాన అది ఆశీర్వాదం అయిపోదయ్యా! కావాలంటే నోరు తెరిచి మీ పేరు మీద అడుక్కోండి, దేవుడి పేరు మీద ఎందుకు?

ఇంతకంటే నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. భర్త కొట్టాడని కమిలిన మొహంతో వచ్చిన ఆడపిల్లకు, "ప్రార్థన చేయమ్మా, మారతాడు" అని చెప్పి మళ్లీ ఆ ఇంటికే పంపే పెద్దలు. ఏం ప్రార్థించాలి అక్కడ? దేనికి జ్ఞానం కొదువైంది? పగిలిన పెదవి కనబడటానికి దర్శనం కావాలా? గృహహింస చట్టం 2005లోనే వచ్చింది, 181 నంబరు ఉంది, మందిరం సందు దాటితే పోలీస్ స్టేషన్ ఉంది. ఇవన్నీ తెలిసే పంపుతారు, వాడు కానుక బాగా వేస్తాడు కాబట్టి. అలాంటివాళ్లు ప్రార్థన అన్న మాటెత్తితే చెంప పగలగొట్టాలనిపిస్తుంది నాకు.

మా వైపు ఒక పాస్టరమ్మగారున్నారు. అలా వచ్చిన పిల్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, చెప్పులేసుకుని, ఆటో పిలిచి ప్రభుత్వాసుపత్రికి బయల్దేరారు. ప్రార్థన ఆటోలోనే చేశారు. మధ్యలో ఆపి, గేటు దాకా పోనివ్వకపోతే నలభై రూపాయలే ఇస్తానని ఆటోవాడితో గొడవపడి, మళ్లీ కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారు.