సాయం ఎక్కడుందో చెప్పేవారేరి?
సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేని స్థితి) ఉన్న మా బాబును ఎత్తుకొని, వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి వెళితే, పరీక్ష జరిగే గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టుకు తాళం వేసి ఉంది. అది ఎవరి కోసం పెట్టిన శిబిరమో అక్కడెవరికైనా గుర్తుందో లేదో! 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాలను 7 నుంచి 21 రకాలకు పెంచింది కానీ, ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో ఒక్కచోట విడమరచి చెప్పే మనిషి మా వరంగల్‌లో నాకింతవరకు తారసపడలేదు. నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉందన్న సంగతి కూడా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి ఫిజియోథెరపీకి వచ్చే మరో తల్లి చెబితేనే తెలిసింది. కార్యాలయంలో అడిగితే "ఆన్‌లైన్‌లో చూసుకోండమ్మా" అంటారు. పిల్లవాడి మెడ వాలిపోకుండా ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో దరఖాస్తు ఎలా నింపాలో ఆ సారే ఒకసారి చేసి చూపిస్తే బాగుండేది.