ఓటి మద్దెల మాహాత్మ్యం

ఆడలేక మద్దెల ఓటిదన్నారని ఎగతాళి చేస్తారు గానీ, మద్దెల నిజంగానే ఓటిదైతే ఆడేవాళ్లకి ఎంత ధీమానో ఎవరూ ఆలోచించరు. పాత ఫిల్ము కెమెరాలు ఇంకా చేతులు మారుతూ ఉండడానికి అసలు కారణం అదే. డిజిటల్ కెమెరాలో ఫోకస్ అదే చూసుకుంటుంది, వెలుతురు అదే లెక్కగడుతుంది, మొహం ఎక్కడుందో కూడా అదే వెతికిపెడుతుంది. ఇక ఫొటో చెడిపోతే నింద మోయడానికి మిగిలేది తీసినవాడొక్కడే. మాన్యువల్ కెమెరా అంత నిర్దయురాలు కాదు. రీలులో 36 ఫొటోలుంటే 36కీ తలా ఒక సాకు, అదీ శాస్త్రబద్ధంగా, సమకూర్చగలదు.

ముందు సెల్లు సంగతి. 1960లు, 70ల నాటి చాలా కెమెరాల్లో వెలుతురు కొలిచే లైట్ మీటర్‌ని 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్లుకు కుదిర్చారు. పాదరసం విషమని ఆ సెల్లు తయారీ ఆగిపోయింది. అదే సైజు ఆల్కలైన్ సెల్లు వేస్తే 1.5 వోల్టులు వస్తాయి. అదనంగా వచ్చిన ఆ కాస్త కరెంటునీ మీటరు ఎండ కిందే జమ కడుతుంది, ఫొటో చీకటవుతుంది. స్పాట్‌మేటిక్‌లాంటి కొన్ని కెమెరాల్లో వోల్టుల తేడాని సర్దుకునే బ్రిడ్జి సర్క్యూటు ఉండి ఈ సాకుని దక్కనివ్వదు. వినికిడి యంత్రాల్లో వాడే 675 జింక్-ఎయిర్ సెల్లుకి చుట్టూ ఒక రింగు తొడిగి కూర్చోబెడితే, అది 1.4 వోల్టుల దరిదాపుల్లో నిలకడగా ఉండి మీటర్ని దారిలో పెడుతుంది. కాకపోతే కొన్ని వారాలకే అయిపోతుంది. అనుభవజ్ఞులు కొందరు ఆ సంగతి తెలిసీ తెలియనట్టే ఉంటారు.

మీటరే అక్కర్లేదనే వీరులూ ఉన్నారు. మంచి ఎండలో అపెర్చర్ (లెన్స్ లోపల వెలుతురు దూరే కన్నం) ఎఫ్/16, షట్టర్ వేగం ఫిల్ము ఐఎస్ఓ అంకెకి (వెలుతురుకి ఫిల్ము ఎంత చురుకో చెప్పేది) దగ్గరిది: 200 ఫిల్ముకి సెకనులో 1/250 వంతు. మబ్బు పడితే ఎఫ్/8, అంకె తగ్గితే కన్నం పెద్దదవుతుంది. అనుమానమొస్తే ఒక స్టాపు ఎక్కువే, అంటే రెట్టింపు వెలుతురు, ఇవ్వాలి. నెగెటివ్ ఫిల్ము ఎక్కువ వెలుతురుని ఓర్చుకుంటుంది, తక్కువైతే మాత్రం నీడల్లో ఏమీ మిగల్చదు.

కానీ సాకుల్లో మేరుపర్వతం రీలు ఎక్కించడమే. ఫిల్ము నాలుకని కుడివైపు స్పూలు సందులో దూర్చి, పైనా కిందా రంధ్రాలు రెండూ పళ్ల చక్రానికి పట్టేదాకా లీవర్ తిప్పి, అప్పుడు వెనక తలుపు వెయ్యాలి. రివైండ్ పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి వదులు లాగెయ్యాలి. ఇక లీవర్ తిప్పినప్పుడల్లా ఆ ఎడమ చేతి నాబ్ తనంతట తాను వెనక్కి తిరగాలి. తిరగలేదా, లోపల ఫిల్ము స్పూలు నుంచి జారిపోయి కులాసాగా కూర్చుంది. అయినా లెక్కపెట్టే ముల్లు మాత్రం ముందుకే పోతుంది. అది ఎంచేది లీవర్ తిప్పుళ్లని, ఫిల్ముని కాదు. 37, 38, 40 దాటినా “ఈ రీలువాళ్లు ధర్మాత్ములు, కొసరు వేశారు” అనుకుంటూ నొక్కేవాడి ప్రశాంతత యోగులకైనా దొరకదు.

ఆ రీలు కడిగించాక పంచనామా జరుగుతుంది. ఫిల్ము ఖాళీగా ఉండి, అంచున కంపెనీ పేరూ అంకెలూ స్పష్టంగా కనిపిస్తే డెవలప్ చేసినవాడు నిర్దోషి, వెలుతురే ఫిల్మును చేరలేదు. అంచున అంకెలు కూడా లేకపోతే మందు పనిచేయలేదన్నమాట. ఇంతకన్నా శుభవార్త ఉండదు, నేరం పూర్తిగా ఇంకొకరిది.

చిన్నాచితకా సాకులకు కొదవలేదు. వెనక తలుపు అంచుల్లోని ఫోమ్ కాలక్రమంలో తారులా జిగురై, సందుల్లోంచి వెలుతురు దూరి ఫొటో మీద నారింజ చార గీస్తుంది. పాత గ్రీజు గట్టిపడితే ఒక సెకను తెరుచుకుని మూసుకోవలసిన షట్టర్ తనకి తోచినప్పుడు మూసుకుంటుంది. అపెర్చర్ రేకులకి నూనె అంటితే అవి బద్ధకంగా ముడుచుకుంటాయి, ఎఫ్/11 అనుకున్నది ఇంకా తెరిచే ఉండగా షట్టర్ పడిపోతుంది. పెంటాక్స్ కె1000 లో (1976 నుంచి 1997 దాకా తయారైంది) మీటరుకి స్విచ్చే లేదు, లెన్స్ మూతే స్విచ్చు. మూత పెట్టడం మరిచారో, సెల్లు హరీ. సెల్లు పోయినా షట్టర్ మాత్రం నిక్షేపంగా కొడుతుంది, అదొక్కటే దాని కృతఘ్నత.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది ఏమిటంటే, ఈ యంత్రం అప్పుడప్పుడూ పనిచేస్తుంది. 35 ఎంఎం లెన్స్‌ని ఎఫ్/8 లో పెట్టి, లెన్స్ మీది గీతల్లో ఎనిమిది అంకెకి ఎదురుగా అనంతం గుర్తు తెస్తే, దాదాపు రెండున్నర మీటర్ల నుంచి దిగంతం దాకా చాలినంత స్పష్టంగా వస్తుంది. ఫోకస్ వెతుక్కునే పనే ఉండదు. ఇంత తేలికైన ఉపాయాన్ని లెన్స్ మీదే చెక్కి పెట్టడం సాకుల సంప్రదాయానికి ద్రోహం.

కాబట్టి మనవి. ఫోమ్ మార్పించండి, పాతది గీకేటప్పుడు ముక్కలు షట్టర్ మీద పడనివ్వకండి. గ్రీజు కడిగించండి. సరైన సెల్లు వెయ్యండి. కానీ మీ దగ్గర పాత సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4 లెన్స్ ఉండి, దాని గాజులో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉన్న పాపానికి పసుపెక్కి ఉంటే, దాన్ని కొన్ని వారాలు ఎండలో పెడితే ఆ పసుపు చాలావరకు విరిగిపోతుందని ఎవరు చెప్పినా వినకండి. “నా లెన్స్‌కి రేడియోధార్మికత ఉంది” అని చెప్పుకునే అవకాశం ఏ డిజిటల్ కెమెరా ఇస్తుంది?