మబ్బు కబురు మామిడి రైతుకు అందాలి

మామిడి పూత మీదున్నప్పుడు వరుసగా నాలుగు రోజులు మబ్బు పట్టి, రాత్రుళ్లు మంచు కురిస్తే రైతుకు టెన్షన్ మొదలవుతుంది. ఆ భయంలో అర్థముంది. గాలి ఆడక, తేమగా ఉండే వాతావరణమే తేనెమంచు పురుగుకు కావాలి. మిగతా కాలమంతా బెరడు పగుళ్లలో దాక్కునే ఈ పురుగు, పూత రాగానే గుంపులుగా చేరి రసం పీల్చేస్తుంది. కొమ్మ కదిపితే చిటపటమంటూ లేస్తుంది. అది వదిలే తియ్యటి జిగురు ఆకుల మీద పడి, దానిపై నల్లటి మసి పేరుకుంటుంది. పూత మాడి రాలిపోతుంది. కొమ్మలు కలిసిపోయి ఎండ లోపలికి దిగని పాత తోటల్లో ఈ బెడద మరీ ఎక్కువ.

పొడి ఎండలు ముదిరితే తామర పురుగుల వంతు. అవి గీకిన పిందె మీద గరుకు మచ్చ కాయ కోసేదాకా పోదు. గట్టి వాన పడితే అవి కొట్టుకుపోతాయి కానీ, కోతల ముందు పడే ఆ వానే పండు ఈగకు కలిసొస్తుంది. రాలిన కాయల్లోంచి ఆ ఈగ పిల్ల పురుగు మట్టిలోకి దిగి గూడు కట్టుకుంటుంది. నేల తడిస్తే ఈగలు బిలబిలా బయటికొస్తాయి. ఆలస్యంగా కోతకొచ్చే తోతాపురికి అందుకే ముప్పెక్కువ. ఈ ఈగ వల్లే 2014 మే నుంచి ఐరోపా సమాఖ్య మన మామిడిని ఆపేసింది. 2015లో గానీ ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

పురుగు ఎదుగుదల బయటి వేడిని బట్టి ఉంటుంది. అందుకే ఒక ఏడాది ముందుగా, ఇంకో ఏడాది ఆలస్యంగా వస్తుంది. మన తోటల్లో మందు మాత్రం అలవాటు చొప్పునో, దుకాణదారు మాట మీదో పడుతోంది. పూత మీదే తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారి, పెట్టుబడి పోతుందన్న భయంతో పురుగు ఉన్నా లేకున్నా కొట్టిస్తాడు. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు. పురుగు ఎప్పుడొస్తుందో అతనికి చెప్పేవాళ్లు లేరు. నష్టపోయేది పూతను కాయగా మార్చే తేనెటీగలు, పురుగులను తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు. అవి పోయాక తర్వాతి విడత పురుగుకు అడ్డే ఉండదు.

సమాచారం లేక కాదు ఈ దుస్థితి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వాతావరణ ఆధారిత బీమాలో పరిహారం తేల్చేది కూడా ఇలాంటి రీడింగులతోనే. పంట పోయాక డబ్బు లెక్కకు పనికొచ్చే తేమ, వేడి అంకెలు పంట పోకముందు హెచ్చరికకు ఎందుకు పనికిరావు? వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే వ్యవసాయ సలహా ఎక్కువగా జిల్లా స్థాయిదే. నూజివీడు తోటకు, కొల్లాపూర్ తోటకు కావాల్సింది తన మండలం కబురు.

ఉద్యాన శాఖలు, ఉద్యాన విశ్వవిద్యాలయాలు ఈ డిసెంబరు లోపే ఒక్కచోట కూర్చోవాలి. ఎంపిక చేసిన తోటల్లో వారం వారం పురుగులను లెక్కించి, ఆ లెక్కను మండల రీడింగులతో కలిపి, మందు కొట్టాలా వద్దా అన్నది రైతు ఫోనుకు తెలుగులో పంపాలి. పండు ఈగ కోసం, మగ ఈగలను వాసనతో రప్పించి పట్టే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలను కాయ పక్వానికి రాకముందే ఇవ్వాలి. వాటిని ఒక్క రైతు కడితే చాలదు, ఊరంతా కట్టాలి. కోత అయ్యాక కొమ్మలు కత్తిరించి తోటలోకి ఎండ రానిచ్చే పనికీ సాయం అందించాలి. కూలీ ఖర్చుకు జంకే చాలామంది దాన్ని ఏటికేడు వాయిదా వేస్తున్నారు.